ప్రాసెసర్ వేడెక్కిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోవాళ్ల కంప్యూటర్లు, స్నేహితుల కంప్యూటర్లు విప్పి బాగుచేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. అందులో సగానికి పైగా ఒకటే ఫిర్యాదుతో వస్తాయి: "వేడెక్కిపోతోంది, ఫ్యాన్ హోరెత్తిపోతోంది, స్లో అయిపోయింది, కొత్తది కొనేయాలా?" కొనకండి, ముందు ఇది చదవండి. నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలే ఇవన్నీ.

అసలు ప్రాసెసర్ ఎందుకు అంత వేడెక్కుతుంది?

ముందు ఒక మాట. చాలామంది బల్ల కింద ఉండే డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. ఇక్కడ నేను చెప్పేది ఆ డబ్బా లోపల, మదర్‌బోర్డు మీద, కూలర్ (వేడిని లాగేసే లోహపు దిమ్మె, ఫ్యాన్) కింద దాక్కుని ఉండే చిన్న చిప్పు గురించి.

ప్రాసెసర్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. వంద వాట్లు తాగే ప్రాసెసర్ వంద వాట్ల వేడి కక్కుతుంది, అదీ గోరంత చోటులోంచి. ఆ వేడి చిప్పులోంచి పైనున్న లోహపు మూతకి, అక్కడి నుంచి థర్మల్ పేస్ట్ (మధ్యలో పూసే, వేడిని పోనిచ్చే ముద్ద) గుండా కూలర్ అడుగుకి, అక్కడి నుంచి రాగి గొట్టాల్లో పాకి అల్యూమినియం రెక్కలకి, ఫ్యాన్ గాలితో క్యాబినెట్‌లోకి, క్యాబినెట్‌లోంచి గదిలోకి వెళ్లాలి. మీ కంప్యూటర్ కాలిపోతోందంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం పడిందన్నమాట. అది ఎక్కడో పట్టుకుంటే పని ముప్పావు వంతు అయిపోయినట్టే, అందుకే ఏదైనా కొనేముందు ఈ దారి ఒకసారి మనసులో నడిచి చూడండి అంటాను.

ఎన్ని డిగ్రీలు దాటితే భయపడాలి?

ప్రాసెసర్‌ని బట్టి ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95, పేరు చివర ఎక్స్3డీ అని ఉండే రకాలకి అంతకన్నా తక్కువ, 89 దగ్గర. మీ మోడల్ నంబరుకి హద్దు ఎంతో తయారీ సంస్థ పేజీలోనే రాసి ఉంటుంది, ఒక్క నిమిషం పని.

మామూలుగా నేను చూసుకునే లెక్క ఇది. ఖాళీగా ఉన్నప్పుడు 35 నుంచి 50 మధ్య, గేమ్ ఆడుతుంటే 60 నుంచి 80 దాకా ఉంటే ఏ చింతా లేదు. వీడియో ఎన్‌కోడింగ్ లాంటి మొత్తం కోర్లనీ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలని) పిండే పనిలో 85, 90 కనిపించినా కంగారు పడను. ఏమీ చేయకుండానే 70 దాటినా, చిన్న పనికే హద్దును తాకి అక్కడే కూర్చున్నా అప్పుడు డబ్బా విప్పాల్సిందే. రైజెన్ 7000 వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి: వాటిలో పెద్ద మోడళ్లు భారీ పనిలో 95కి చేరి అక్కడ నిలబడేలానే తయారయ్యాయి, వేడికి చోటున్నంతవరకు స్పీడు పెంచుకుంటూ పోతాయి, కాబట్టి ఆ అంకె చూసి టెన్షన్ పడకండి.

టెంపరేచర్ ఎలా చూడాలి? టాస్క్ మేనేజర్‌లో కనిపించట్లేదు.

విండోస్ టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేడి కనిపిస్తుంది గానీ ప్రాసెసర్ది కనిపించదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ, వేడి చూపించే ప్రోగ్రామ్ ఒకటి వేసుకోండి, రెండూ ఉచితమే. లైనక్స్ వాడేవాళ్లు ఎల్ఎం సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుని సెన్సర్స్ అని కమాండ్ కొడితే చాలు.

ఒక్క క్షణం చూసి మూసేయకండి. కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే వదిలేసి ఒకసారి, మీరు రోజూ చేసే బరువైన పని పావుగంట చేశాక ఒకసారి అంకె రాసుకోండి. ఆ సమయంలో గదిలో ఎంత వేడి ఉందో అది కూడా పక్కన రాయండి. రేపు దుమ్ము దులిపాక తేడా వచ్చిందా లేదా అని చూడటానికి ఈ కాగితమే సాక్ష్యం, ఇది లేకపోతే "కాస్త తగ్గినట్టుంది" అనుకుంటూ ఉండిపోతాం.

వేడి పెరిగితే ప్రాసెసర్ కాలిపోతుందా?

ఇప్పటి ప్రాసెసర్లు అంత తేలిగ్గా కాలిపోవు. హద్దు దగ్గరికి రాగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది, దీన్నే థ్రాటిలింగ్ అంటారు. అయినా వేడి ఆగకపోతే మొత్తం సిస్టమ్‌నే ఆపేస్తుంది. పాత రోజుల్లో ఇలా ఉండేది కాదు. 2001లో ఒక హార్డ్‌వేర్ సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి కూలర్ పీకేసి వీడియో తీశారు. అందులో పెంటియమ్ 4 స్పీడు తగ్గించుకుని బతికింది, ఆనాటి ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి పోయింది. ఆ వీడియో చూసిన తరం ఇంకా భయపడుతూనే ఉంది.

అలాగని పట్టించుకోకుండా వదిలేయమని కాదు. థ్రాటిలింగ్ జరుగుతుందంటే మీరు డబ్బు పెట్టి కొన్న స్పీడులో కొంత మీకు అందట్లేదు. పైగా ఆ వేడి పక్కనున్న భాగాలకి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీకి కూడా మంచిది కాదు.

గేమ్ మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతోంది. వేడి వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. వేడి వల్లయితే సాధారణంగా ముందు స్లో అవుతుంది, ఆట తడబడుతుంది, ఫ్యాన్ మోత తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. ఏ సూచనా లేకుండా స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిపోయి, అప్పటికి ప్రాసెసర్ వేడి 70లోనే ఉంటే నా అనుమానం ముందు పవర్ సప్లై మీదికి పోతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో రీడింగులని ఫైల్‌లోకి రాసే సౌకర్యం ఉంది. అది ఆన్ చేసి పెట్టి ఆడండి. ఆగిపోయాక ఆ ఫైల్ తెరిచి చివరి వరుస చూస్తే, ఆగేముందు వేడి ఎంతుందో తెలిసిపోతుంది.

ఏమీ చేయకపోయినా వేడిగా ఉంటోంది, ఎందుకు?

ఏమీ చేయట్లేదని మీరనుకుంటున్నారు, ముందు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ శాతం చూడండి. అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్, ఫైళ్ల ఇండెక్సింగ్, మర్చిపోయిన బ్రౌజర్ ట్యాబ్ ఇవే ఎక్కువసార్లు దొరుకుతాయి. పేరు తెలియని ప్రోగ్రామ్ ఏదో రోజంతా 60, 70 శాతం తింటూ, టాస్క్ మేనేజర్ తెరవగానే చప్పున తగ్గిపోతుంటే అది దొంగచాటుగా క్రిప్టో తవ్వే మాల్‌వేర్ అయ్యుండొచ్చు, పూర్తి స్కాన్ చేయండి.

శాతం రెండు మూడే ఉండి వేడి మాత్రం 70 ఉంటే సమస్య కూలర్ దగ్గరే. ఇక రైజెన్‌లో ఖాళీగా ఉన్నప్పుడు వేడి 40 నుంచి 55కి గెంతి మళ్లీ దిగడం మామూలే, చిన్న పని తగిలినా ఒక కోర్ క్షణంపాటు స్పీడు పెంచుకుంటుంది కాబట్టి.

దుమ్ము దులిపితే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. నా అనుభవంలో ఇంతకు మించిన వైద్యం లేదు. మా తమ్ముడి ల్యాప్‌టాప్ బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉండేది, రోజూ తుడుచుకునేవాడు. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు బాగానే ఉంది, కానీ గాలి వచ్చే సందు దగ్గర చెయ్యి పెడితే ఊపిరి వదిలినంత కూడా రావట్లేదు. అడుగు మూత విప్పి చూశాను. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము కొంచెమే. ఆ ఫ్యాన్ కూడా విప్పి పక్కకి తీస్తే, దానికీ రాగి రెక్కలకీ మధ్య బూడిదరంగు దుమ్ము తెర ఒకటి, నలిగిన దుప్పటి ముక్కలా ఒత్తుగా అతుక్కుని ఉంది. పట్టకారుతో ఒక కొస పట్టి లాగితే చింపకుండా ఒకే ముక్కగా వచ్చేసింది. అంతే, పేస్ట్ కూడా మార్చలేదు, అదే పనికి 97 డిగ్రీలు చూపించేది 79కి దిగింది. బయటి నుంచి గాలి ఊది ఉంటే ఆ తెర అక్కడే ఇంకాస్త గట్టిగా అతుక్కునేదేమో.

చేసే పద్ధతి చెప్తాను. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ రెండు మూడు సార్లు నొక్కండి, లోపల మిగిలిన ఛార్జ్ పోతుంది. ల్యాప్‌టాప్ అయితే మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. ఎయిర్ బ్లోయర్‌తో గానీ గాలి డబ్బాతో (స్ప్రేలా గాలి చిమ్మే డబ్బా) గానీ ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అది బొంగరంలా తిరిగి బేరింగ్ పాడవుతుంది. గాలి డబ్బాని నిటారుగానే పట్టుకోవాలి, వంచితే చల్లటి ద్రవం చిమ్ముతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం మాత్రం బోర్డు మీద పెట్టకండి, స్టాటిక్ కరెంటు పుట్టి భాగాలు పోవచ్చు. ముందు వైపు జాలీ, పవర్ సప్లై కింద ఉండే ఫిల్టర్ చాలామంది మర్చిపోతారు, అవి కూడా తీసి దులపండి.

థర్మల్ పేస్ట్ ఎప్పుడు మార్చాలి? ఎంత పెట్టాలి?

కూలర్ విప్పిన ప్రతిసారీ మార్చాలి, దీనికి మినహాయింపు లేదు. విప్పకపోతే ఏటా మార్చాల్సిన పనేం లేదు, దుమ్ము దులిపినా వేడి తగ్గకపోతేనే దాని జోలికి వెళ్లండి. మూడు నాలుగేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌లలో పేస్ట్ ఎండి బెరడు కట్టడం తరచుగా చూస్తుంటాను.

పేస్ట్ చేసే పని ఏమిటో తెలిస్తే ఎంత పెట్టాలన్న సందేహం రాదు. రెండు లోహపు ముఖాలు కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నటి గుంటలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. గాలి వేడిని దాదాపు పోనివ్వదు. ఆ గుంటల్లోంచి గాలిని గెంటేసి తాను కూర్చోవడమే పేస్ట్ పని. రాగి ముందు పేస్ట్ ఎందుకూ కొరగాదు, గాలికన్నా మాత్రం వందల రెట్లు మెరుగు. అందుకని మందంగా పూస్తే లాభం లేదు, అసలు లేకపోతే ఘోరం. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి మధ్యలో బఠాణీ గింజంత పెట్టి కూలర్ బిగిస్తే ఆ ఒత్తిడికే పరుచుకుంటుంది. పొడుగ్గా, పెద్దగా ఉండే వాటికి ఇంటూ గుర్తులా గీయండి. ల్యాప్‌టాప్‌లో మూత ఉండదు, చిప్పు నేరుగా కనిపిస్తుంది, అక్కడ మాత్రం పల్చగా మొత్తం పూయడం మంచిది, ఏ మూలా ఖాళీ ఉండకూడదు.

పాతది తుడవడానికి 90 శాతం పైనున్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ వాడండి. గోరుతో, స్క్రూడ్రైవర్‌తో గీకకండి.

ఇంకొకటి, ఇది తెలియక ప్రాసెసర్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్లకి పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌ని పైకి లాగగానే సాకెట్ లాక్‌లో ఉండగానే ప్రాసెసర్ కూడా దాంతోపాటు ఊడి వస్తుంది, పిన్నులు వంగిపోతాయి. కూలర్ తీసేముందు పదిహేను నిమిషాలు కంప్యూటర్‌కి బరువైన పని చెప్పి పేస్ట్ వేడెక్కనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి, అప్పుడు పైకెత్తండి.

కొత్త కూలర్ పెట్టాను, ముందుకన్నా ఎక్కువ వేడెక్కుతోంది!

కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వుకోవద్దు, నిజంగా అడుగుతున్నాను. ఒక స్నేహితుడు రెండు వారాలపాటు ప్రాసెసర్‌నే అనుమానించాడు, కూలర్ విప్పితే "బిగించే ముందు తీసేయండి" అని రాసి ఉన్న పొర మీదే పేస్ట్ చక్కగా పరుచుకుని ఉంది.

అది కాకపోతే బిగింపు చూడండి. ఇంటెల్ పెట్టెతో వచ్చే కూలర్లకి నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి, అందులో ఒక్కటి సరిగ్గా దిగకపోయినా కూలర్ ఒక పక్క లేచి ఉంటుంది. ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి, టక్కుమని చప్పుడు రావాలి. నాలుగూ బోర్డు వెనక్కి పూర్తిగా వచ్చాయో లేదో చూసుకోండి. స్క్రూలున్న కూలరైతే ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకుండా, మూలకి మూల, రెండేసి చుట్లు తిప్పుతూ రండి. చివరిగా, ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టారా, ఫ్యాన్ నిజంగా తిరుగుతోందా అన్నది కళ్లతో చూడండి.

క్యాబినెట్ పక్క మూత తీసేసి వాడుకోవచ్చా?

పరీక్షకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మూత తీయగానే వేడి పది డిగ్రీలు పడిపోతే మీ కూలర్ తప్పేం లేదు, క్యాబినెట్‌లోకి గాలి రావట్లేదు, లేదా వేడి గాలి బయటికి పోవట్లేదు. మూత తీసినా తేడా లేకపోతే కూలర్, పేస్ట్ వైపు చూడాలి. రోజూ అలాగే వాడటం మాత్రం వద్దు, దుమ్ము రెట్టింపు పడుతుంది.

ఫ్యాన్లలో ముందువి గాలి లోపలికి లాగాలి, వెనకవి, పైవి బయటికి తోయాలి. ఫ్యాన్ ఏ వైపుకి ఊదుతుందో తెలియకపోతే దాని మోటారుని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం ఏ పక్క ఉందో చూడండి, గాలి ఆ పక్క నుంచే బయటికి వస్తుంది. వెనక ఫ్యాన్ తిరగేసి బిగించిన డబ్బాలు నేను మూడు నాలుగు చూశాను.

ల్యాప్‌టాప్ 95 దాటిపోతోంది, కూలింగ్ ప్యాడ్ కొనాలా?

గేమింగ్ ల్యాప్‌టాప్‌లు భారీ పనిలో 90 దాటడం చాలా మామూలు, సన్నటి ఒంట్లో అంతకన్నా పెద్ద కూలర్ పట్టదు. ప్యాడ్ కన్నా ముందు వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తుగా పెట్టి చూడండి, పుస్తకం పెట్టినా చాలు. గాలి పీల్చే సందులు అడుగునే ఉంటాయి కాబట్టి పరుపు మీద, దుప్పటి మీద, ఒళ్లో దిండు మీద పెడితే ముక్కు మూసినట్టే.

తర్వాత ఉచితంగా దొరికే మందు ఒకటుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే సెట్టింగ్ కనిపిస్తే దాన్ని 100 నుంచి 99కి మార్చండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో దాంతో టర్బో బూస్ట్ (అవసరమైనప్పుడు ప్రాసెసర్ తనంతట తాను స్పీడు పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి పదికి పైగా డిగ్రీలు దిగడం చూశాను. స్పీడు కూడా తగ్గుతుంది. బ్రౌజింగ్, రాతపనికి ఆ తేడా తెలియదు, వీడియో ఎడిటింగ్‌కి తెలుస్తుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగ్ దాచేసి ఉంటుంది, అప్పుడు కంపెనీ యాప్‌లో సైలెంట్ గానీ బ్యాలెన్స్‌డ్ గానీ ఎంచుకోండి.

అండర్‌వోల్టింగ్ అంటే ఏమిటి? ప్రమాదమా?

ప్రాసెసర్‌కి ఇచ్చే వోల్టేజీని కాస్త తగ్గించడం. ప్రతి చిప్పూ ఒకేలా ఉండదు కాబట్టి కంపెనీలు అన్నింటికీ సరిపోయేలా కొంచెం ఎక్కువే ఇస్తాయి, ఆ ఎక్కువని మనం వెనక్కి తీసుకుంటాం. వేడి వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది. 1.3 నుంచి 1.2 వోల్టులకి దించితే, స్పీడు అదే ఉన్నా, కోర్లు పని చేస్తూ పుట్టించే వేడి సుమారు 15 శాతం తగ్గుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, చప్పుడూ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది.

భాగాలు కాలే ప్రమాదం లేదు. ఎక్కువ తగ్గిస్తే కంప్యూటర్ హ్యాంగ్ అవుతుంది, అంతే, కానీ సేవ్ చేయని పని పోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా దించుతూ ప్రతిసారీ పరీక్షించండి. రైజెన్‌లో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఉంది, అది తలనొప్పి అనుకుంటే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్ ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ దారి మూసేశారు. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బయోస్ అప్‌డేట్లలో తాళం వేశారు. డెస్క్‌టాప్ ఇంటెల్ బోర్డుల్లో పవర్ లిమిట్లు (ప్రాసెసర్ ఎన్ని వాట్ల దాకా తాగొచ్చో చెప్పే హద్దులు) ఇంటెల్ చెప్పినదానికన్నా ఎక్కువకి వదిలేసి ఉంటాయి చాలాసార్లు, వాటిని ఇంటెల్ డిఫాల్ట్‌కి పెట్టి చూడండి.

13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు ఇది చదివాక బయోస్ అప్‌డేట్ చేయండి. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడిగి మెల్లగా పాడవుతున్నాయని 2024లో తేలింది, ఇంటెల్ ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ ముందు జరిగిన నష్టాన్ని మాత్రం అది వెనక్కి తేలేదు.

వాటర్ కూలర్ పెట్టినా వేడే. లీక్ అవుతోందా?

లీక్ కన్నా పంపు ఆగిపోవడమే ఎక్కువ. కంప్యూటర్ నడుస్తుండగా రెండు గొట్టాలనీ ముట్టుకోండి. ప్రాసెసర్ 95 చూపిస్తూ ఒక గొట్టం వేడిగా, రెండోది చల్లగా ఉండి, రేడియేటర్ కూడా చల్లగా ఉంటే నీళ్లు కదలట్లేదు. పంపు వైరు ఊడిందేమో చూడండి, బయోస్‌లో దాని స్పీడు సున్నా చూపిస్తే పంపు పోయినట్టే. బిగించేటప్పుడు పంపు మొత్తంలోకీ ఎత్తైన చోట ఉండకూడదు, లోపలి గాలి పైకి చేరి పంపులో ఇరుక్కుని గరగరమంటుంది.

పేస్ట్ లేదు, టూత్‌పేస్ట్ పెట్టొచ్చా? ఐసు ముక్కలు? లిక్విడ్ మెటల్?

టూత్‌పేస్ట్ కొన్ని గంటలు పనిచేస్తుంది, నీళ్లు ఆరిపోయాక సున్నంలా గట్టిపడుతుంది, వద్దు. ఐసు, ఫ్రిజ్ ఆలోచన అసలే వద్దు, చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీటిచుక్కలై బోర్డు మీద కారుతుంది. లిక్విడ్ మెటల్ (పేస్ట్ బదులు పూసే ద్రవ లోహం) బాగా పనిచేస్తుంది, కానీ అందులోని గ్యాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా కరెంటుని పోనిస్తుంది, ఒక్క చుక్క పక్కకి జారితే బోర్డు షార్టే. మొదటిసారి చేసేవాళ్లకి నేనెప్పుడూ చెప్పను. ల్యాప్‌టాప్‌లకి పేస్ట్ బదులు పెట్టే ఫేజ్ ఛేంజ్ ప్యాడ్‌లు వస్తున్నాయి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి గుంటల్లోకి పాకుతాయి, పేస్ట్‌లా ఎండిపోవు, నేను ఈమధ్య అవే వాడుతున్నాను.

వేసవిలో మాత్రమే ఇబ్బంది. మిగతా రోజుల్లో బాగానే ఉంటుంది.

కూలర్ ప్రాసెసర్‌ని గది కన్నా చల్లగా చేయలేదు. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు పదీ పెరుగుతుంది. చలిలో 80 చూపించేది వేసవిలో 90 చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు. ఆ రెండు మూడు నెలలకి పవర్ లిమిట్ తగ్గించుకోండి, డబ్బాని గోడ మూల నుంచి, మూసిన బల్ల అర నుంచి బయటికి తీయండి.

అన్నీ చేశాను, ఇంకా తగ్గలేదు. షాపులో ఇవ్వాలి. ఏం చెప్పాలి?

"వేడెక్కుతోంది" అని మాత్రమే చెప్పి ఇవ్వకండి. ఖాళీగా ఎంత, పనిలో ఎంత, గది వేడి ఎంత, దుమ్ము దులిపారా, పేస్ట్ మార్చారా అన్నది మీరు రాసుకున్న కాగితం చూపించండి. పేస్ట్ మార్చడంతోపాటు ఫ్యాన్ తీసి రాగి రెక్కలు శుభ్రం చేయమని విడిగా అడగండి, మీ ముందే విప్పమంటే ఇంకా మంచిది. హీట్ పైపు (వేడిని మోసే ఆ రాగి గొట్టం) నొక్కుకుపోయి గానీ చిట్లి గానీ ఉంటే బయటి నుంచి ఎంత శుభ్రం చేసినా లాభం ఉండదు, గొట్టాలు, రెక్కలు కలిసి ఉండే హీట్‌సింక్ మొత్తం మార్చాలి. ఇంటికి తెచ్చాక అదే పని అదే పావుగంట చేసి, కొత్త అంకెని పాత అంకె పక్కనే రాయండి.